వాటెండ్లాత్ దారిలో శనివారం

వారమంతా ముసురు పట్టి, నిన్న రాత్రికి తెరిపిచ్చింది. మే నెలాఖరులో ఇలాంటి శనివారం దొరికితే వదులుకోకూడదని బావా నేనూ చీకటి ఉండగానే సైకిళ్ళు కారు వెనక స్టాండుకి బిగించి మాంచెస్టర్ నుంచి బయల్దేరాం. ఎం6 మోటర్‌వే మీద పెన్రిత్ దాకా వెళ్ళి ఎడమకు తిరిగితే కెజిక్ ఊరు. తొమ్మిదయ్యేసరికి డెర్వెంట్‌వాటర్ సరస్సు పక్క రోడ్డు మీద తొక్కుతున్నాం.

ఇంగ్లండ్ వాయవ్యాన కొండలూ సరస్సులూ ఉన్న ఈ లేక్ డిస్ట్రిక్ట్‌లో మౌంటెన్ బైకింగ్ అనగానే ముందు చెప్పేది విన్‌లాటర్, గ్రైజ్‌డేల్ అడవుల పేర్లే. విన్‌లాటర్‌లో 19 కిలోమీటర్ల రెడ్ ట్రైల్ ఉంది. రంగును బట్టి దారి ఎంత కష్టమో తెలిసిపోతుంది, ఎరుపంటే కష్టమైనదని. మలుపుల్లో మట్టి గట్లు కట్టి, చక్రం ఎక్కడ పడాలో ముందే ఆలోచించి వేసిన దారి. నాకు బ్రేక్ పట్టడం, బరువు వెనక్కి వేయడం వచ్చింది అక్కడే. అయినా నా మనసు లాగేది మాత్రం పాత బ్రిడిల్‌వేల వైపే. గుర్రాల కోసం, సరుకు మోసే పోనీల కోసం పడిన దారులవి. సైకిల్‌ని దృష్టిలో పెట్టుకుని అక్కడ ఎవరూ ఒక్క రాయి కూడా వేయలేదు. మనమే దారిని చూసి, దానికి తగ్గట్టు నడుచుకోవాలి. నాకు నచ్చేది సరిగ్గా అదే.

ఈ దారుల్లో సైకిల్ తొక్కే హక్కు 1968లో వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో బ్రిడిల్‌వేల మీద సైకిళ్ళు వెళ్ళొచ్చని, అయితే నడిచేవాళ్ళకీ గుర్రాల మీద వచ్చేవాళ్ళకీ దారి ఇవ్వాలని ఆ ఏడాది చట్టం చేశారు. మౌంటెన్ బైక్ అనేది అప్పటికి పుట్టనే లేదు! గేటు స్తంభాల మీద నీలం బాణం ఉంటే బ్రిడిల్‌వే, పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకు మాత్రమే. ఈ రెండు రంగులూ గుర్తుపెట్టుకుని బయల్దేరితే చాలు.

ఆష్‌నెస్ వంతెన దగ్గర ఎక్కుడు మొదలైంది. ఒక్క బండి మాత్రమే పట్టే చిన్న రాతి వంతెన. దాని మీద నిలబడి వెనక్కి తిరిగితే కింద సరస్సు, దాని వెనక 931 మీటర్ల స్కిడా కొండ. ఫోటోల కోసం జనం ఆగే చోటు ఇది, మేమూ ఆగాం. అక్కడి నుంచి సన్నని తారు రోడ్డు అడవిలోంచి పైకి పోయి పోయి వాటెండ్లాత్ అనే నాలుగిళ్ళ పల్లెలో ఆగిపోతుంది. అక్కడో చిన్న చెరువు, ఇంకో పాత రాతి వంతెన. అక్క కట్టిచ్చిన సున్నుండలు చెరువు గట్టున కూర్చుని తిన్నాం. ఎనర్జీ బార్లు, జెల్‌లు చాలా చూశాను గానీ ఎక్కుడు ముందు సున్నుండ చేసే పని మరేదీ చేయదు.

వంతెన దాటాక తారు లేదు, అంతా రాయే. కాసేపు సైకిల్ నెట్టుకుంటూ పైకి ఎక్కితే, అవతల బారోడేల్ లోయలోని రోస్త్‌వైట్ ఊళ్ళోకి దిగుడు కనిపిస్తుంది. అది చూసి బావ, "ఒరేయ్, ఇది దారా, ఏటి అడుగా?" అన్నారు.

"మీరు నా వెనకే రండి బావా. సీటు పూర్తిగా దించెయ్యండి, వెనక చక్రం మాత్రం జారనివ్వకండి" అన్నాను.

చక్రం జారనివ్వొద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం కింద పడతామన్న భయం ఒక్కటే కాదు. ఆ దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, వరుసగా రాళ్ళు నిలబెట్టి ఉంటాయి. పై నుంచి వచ్చే వాన నీరు దారి వెంట పరుగెత్తకుండా పక్కకు మళ్ళించడానికి అవి. వెనక బ్రేక్ బిగించి జారుకుంటూ దిగితే చక్రం మట్టిలో గాడి తీస్తుంది. తర్వాతి వానకు నీళ్ళు ఆ రాళ్ళను వదిలేసి గాడిలో పడతాయి. కొన్నాళ్ళకే అది కాలువవుతుంది. ఫిక్స్ ద ఫెల్స్ అనే సంస్థ తరఫున వాలంటీర్లు వచ్చి ఈ నీటి దారుల్లో పూడిన మట్టి తీస్తుంటారు. బాగా ఎత్తున పాడైన చోట్లకు రాళ్ళను సంచుల్లో కట్టి హెలికాప్టర్‌లో చేరుస్తారు. అంత శ్రమను ఒక్క బ్రేకుతో చెడగొట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడి వాన మామూలు వాన కాదు మరి. ఈ లోయ చివరనున్న సీత్‌వైట్‌లో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్లు కురుస్తుంది. 2015 డిసెంబర్ తుఫానులో పక్కనే ఉన్న హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు పడింది. మన హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 800. ఈ లెక్క చెబితే బావ కాసేపు మాట్లాడలేదు.

ఇక దిగుడు. తడిసిన పలక రాయి నల్లగా మెరుస్తుంటే టైరు దాని మీద నిలవదు, పొడిగా కనిపించే గరుకు రాయిని వెతుక్కోవాలి. అడ్డంగా ఉన్న రాళ్ళను ఏటవాలుగా దాటితే ముందు చక్రం వాటి వెంటే జారిపోతుంది. అందుకని హ్యాండిల్ నిటారుగా పెట్టి, ముందు చక్రం బరువు తేలిక చేసి, ఎదురుగానే దాటాలి. ఒక్కో బ్రేకు మీద ఒక్కో వేలు. కళ్ళు చక్రం మీద కాదు, నాలుగు గజాల ముందు. సగం దిగాక కుక్కతో పైకి వస్తున్న పెద్దవాళ్ళిద్దరు కనిపించారు. బెల్లు కొట్టి, పూర్తిగా ఆగి, పక్కకు జరిగాం. పెద్దాయన చేయెత్తి థాంక్స్ చెప్పి, కింది గేటు గడియ బిగుసుకుపోయిందని, పైకెత్తి లాగమని చెప్పారు. ఆయన అన్నట్టే చేస్తే వచ్చింది. బావ వెనక్కి వెళ్ళి గేటు మళ్ళీ వేసి, గడియ పడిందో లేదో ఒకసారి కదిపి చూశారు.

గేటు అవతల హెర్డ్‌విక్ గొర్రెలు. తల్లులు బూడిద రంగు, మొహం తెలుపు. పిల్లలు మాత్రం బొగ్గులా నల్లగా పుడతాయి, పెరిగే కొద్దీ రంగు తేలుతుంది. పైన కొండల మీద వీటికి కంచె ఉండదు. ఏ మేర వరకు మన మేత నేల అన్నది పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది, తర్వాత తన పిల్లకు నేర్పుతుంది. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందలకు మందలు చంపేయాల్సి వచ్చినప్పుడు రైతులు భయపడింది ఇందుకే. గొర్రెలను మళ్ళీ కొనుక్కోవచ్చు, ఆ నేల ఎరిగిన గొర్రెలు ఎక్కడ దొరుకుతాయి? పిల్లల వేళ కాబట్టి ఆ పొలం దాటేవరకు దిగి నడిచాం. ఒక పిల్ల మాత్రం బావ టైరు దాకా వచ్చి వాసన చూసి వెళ్ళింది.

రోస్త్‌వైట్‌లో టీ తాగి, సీటోలర్ మీదుగా కాసిల్ క్రాగ్ అనే గుట్ట వెనక బ్రిడిల్‌వే ఎక్కాం. అది మొదటిదానికంటే వదులు రాళ్ళు, కొన్ని చోట్ల నేను దిగి నడిచాను, బావ తొక్కేశారు. గ్రేంజ్ ఊరు దాటాక క్యాట్‌బెల్స్ కొండ నడుము వెంట వెళ్ళే దారి. ఒక పక్క పైకి లేచిన ఫెర్న్ మొక్కల వాలు, మరో పక్క కింద సరస్సంతా పరుచుకుని ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఎక్కువ. వాళ్ళ మధ్య స్పీడ్ ఎందుకని అందరితో సమానంగా మెల్లగా వెళ్ళాం.

తిరుగు ప్రయాణంలో థర్ల్‌మియర్ జలాశయం పక్క నుంచి వచ్చాం. 1894 నుంచి మాంచెస్టర్‌కు నీళ్ళు వెళ్తున్నది ఇక్కడి నుంచే, పంపులు లేకుండా వాలు మీదే. సైకిళ్ళు కడుగుతుంటే అదే నీళ్ళని బావకు గుర్తుచేశాను. "అయితే కొంచెం పొదుపుగా కడుగు" అని బకెట్ తెచ్చి పైపు కట్టేశారు.

ముందు బ్రేక్ ప్యాడ్లు రెండు సైకిళ్ళవీ అరిగిపోయాయి. వచ్చే వారం కోనిస్టన్ వైపు వాల్నా స్కార్ రోడ్ అనే కొండ దారి అనుకుంటున్నాం కాబట్టి, ఈ రాత్రికే ఆర్డర్ పెట్టాలి.