ఆల్‌బుఖారా వేసిన పెద్దకూర

చెల్లికి జ్వరం తగ్గింది గానీ నోరు ఇంకా చేదుగానే ఉందట. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోతోంది, పిల్ల సగమైపోయింది. పొద్దున్నే "అక్కా, పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఏదైనా చెయ్యవా" అంది. మన దగ్గరైతే పెద్దకూరలో చుక్కకూరో చింతచిగురో వేసేదాన్ని. బ్రస్సెల్స్‌లో మా వీధిలో ఎక్కువమంది మొరాకో వాళ్ళే, మాంసం కొట్టు పక్కనే ఎండుపళ్ళ కొట్టు, అందుకని వాళ్ళ తీరులో ఆల్‌బుఖారా, అంటే ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు, వేసి వండాను.

కిలో కాలి మాంసం, నల్లి బొక్కలతో సహా తెచ్చాను. దీనికి మెత్తటి ముక్క పనికిరాదు, నరాలున్నదే కావాలి, ఎందుకంటే ఆ నరాల్లోని కొల్లాజెన్ సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంటే కరిగి జెలటిన్ అవుతుంది, పులుసుకు చిక్కదనమంతా దానివల్లే. మంట పెద్దది చేస్తే ముక్క బిగుసుకుపోయి పీచుపీచుగా తయారవుతుంది. ఉల్లిపాయల తురుము, శొంఠిపొడి, మిరియాలు, పసుపు, దాల్చినచెక్క, చిటికెడు కుంకుమపువ్వు, ఆలివ్ నూనె, అంతే. కారం లేదు, ఇప్పుడు దాని పొట్టకు అదే మంచిది. మూత పెట్టి మూడు గంటలు వదిలేశాను.

పళ్ళు మాత్రం మొదట్లోనే వేయకూడదు, కరిగి ముద్దయిపోతాయి. చివర్లో రెండు గరిటెల పులుసు చిన్న గిన్నెలోకి తీసుకుని, నానబెట్టిన ఆల్‌బుఖారాలు, చెంచా తేనె, ఇంకో దాల్చినచెక్క ముక్క వేసి మరిగించాలి. ముడతలు పడ్డ పండు పులుసు పీల్చుకుని ఉబ్బుతుంది, నల్లటి తోలు నిగనిగలాడుతుంది, పులుసు చెంచాకు పాకంలా పట్టుకుంటుంది. అప్పుడు మాంసం మీద పోసేసి, వేయించిన బాదం, నువ్వులు చల్లాను.

మొరాకో వాళ్ళు రొట్టెతో తింటారు, మా చెల్లి అన్నంలో కలుపుకుంది. మొదట ఒక్క పండు నోట్లో వేసుకుని ఆగింది, తర్వాత మాట్లాడకుండా తిన్నది, బొక్కలో మూలుగ కూడా జుర్రేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నీరసంగా ఉన్నవాళ్ళకు పెద్దకూర అరగదని, వేడి చేస్తుందని అంటుంటారు గానీ, ఇంత మెత్తగా ఉడికిన మాంసం ఎందుకు అరగదు? ఇందులోని ఇనుము ఆకుకూరల్లో ఉన్నదానికంటే తేలిగ్గా ఒంటికి పడుతుంది కూడా.

మిగిలింది డబ్బాలో పెట్టాను, రేపు మధ్యాహ్నం తనే వేడి చేసుకుంటానంది. నీరసం తగ్గేదాకా వారం వారం ఇదే వండుతాను, ఈసారి ఎండు ఖుబానీతో.