గూడ పట్టేసిన పద్నాలుగు నెలలు

పెట్రోలు బంకులో తెలిసింది నాకు. హన్మకొండలో, పొద్దున ఆఫీసు హడావుడిలో, రెండు వందలకు కొట్టించి పర్సు తీద్దామని కుడి చెయ్యి వెనక జేబు వైపు పోనిస్తే నడుము పక్కదాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంకొంచెం తోశాను, భుజంలో కలుక్కుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక బండ్లవాళ్ళు హారన్లు. ఫోన్‌పే చేయండి సార్ అన్నాడు బంకు కుర్రాడు, ఫోను కూడా ఆ జేబులోనే ఉంది.

అంతకు ముందు రెండు నెలల నుంచీ నొప్పి ఉంది, కాదనను. రాత్రి కుడివైపు తిరిగి పడుకుంటే చాలు, రెండింటికో మూడింటికో సలుపు మొదలై మెలకువ వచ్చేది. పగలు ఏదో పనిలో పడి మర్చిపోయేవాణ్ణి. యాభై రెండేళ్ళు వచ్చాయి, అరుగుదలేమోలే అనుకున్నాను, మనకు ఏ కీలు నొప్పి వచ్చినా గుజ్జు అరిగిపోయింది అనుకోవడం అలవాటు కదా.

సలహాలకు మాత్రం కొదవలేదు. అమ్మ "గూడ పట్టింది బిడ్డా, వావిలాకు కాపడం పెడితే పోతది" అంది. ఆఫీసులో పక్క సీటాయన మెడ నుంచి వస్తోంది, స్పాండిలైటిసే అని తేల్చేశాడు. బామ్మర్ది పుత్తూరు పోదాం బావా అన్నాడు, అరే నాకు ఎముక విరగలేదురా అంటే వినడు. వీళ్ళందరి కంటే పెద్ద తప్పు నేనే చేశాను. మెడికల్ షాపులో చేతికి వేసుకునే సంచీ కొనుక్కొచ్చి, మెడకు తగిలించుకుని మూడు వారాలు చెయ్యి కదపకుండా పెట్టాను. నొప్పి ఉన్నచోట రెస్టు ఇవ్వాలి అనేది నా లెక్క. మూడు వారాల తరువాత తల దువ్వుకోవడం కూడా పోయింది.

మొదట వెళ్ళినచోట నా చెయ్యి ముట్టుకోకుండానే ఎమ్మారై రాశారు. రెండోచోట డాక్టరు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టమన్నారు. అలాగే ఉంచి ముంజేతులు రెండూ బయటికి తెరవమన్నారు. ఎడమది తలుపు రెక్కలా హాయిగా తెరుచుకుంది. కుడిది జానెడు కూడా కదల్లేదు. సరే వదిలేయండి, నేను తిప్పుతాను అని ఆయనే మణికట్టు పట్టుకుని మెల్లగా తోశారు, అక్కడే ఆగింది, లోపల ఎవరో గడియ పెట్టినట్టు. మీరు తిప్పినా రాలేదు, నేను తిప్పినా రాలేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఇది ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు.

ఇక్కడే అసలు తేడా ఉందట. భుజం చుట్టూ ఉండే నాలుగు చిన్న కండరాల నరాలు (అంటే టెండన్లు, మనం నరాలనే అంటాం) వాచినా చిరిగినా, మనంతట మనం చెయ్యి ఎత్తలేం గానీ ఇంకొకరు ఎత్తితే చాలావరకు వస్తుంది. చెయ్యి పక్కకు లేపుతుంటే మధ్యలో, సుమారు 60 నుంచి 120 డిగ్రీల దాకా మాత్రమే గట్టిగా నొప్పి పెట్టి, ఆ పైన తగ్గితే అది ఎక్కువగా ఆ బాపతు. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎవరు ఎత్తినా రాదు. మెడ నుంచి వచ్చే నొప్పి అయితే మెడ తిప్పినప్పుడు ఎక్కువై, తిమ్మిరిగా చేతి వేళ్ళదాకా దిగుతుంది. పేరు తెలిస్తే ఏమొస్తుంది అనుకోవద్దు, ఒకదానికి చేసే ఎక్సర్‌సైజు ఇంకోదానికి పనికిరాదు.

లోపల జరిగేది ఏమిటంటే, భుజం కీలు ఒక లోతులేని సాసరు మీద ఆనించిన బంతి లాంటిది, దాన్ని చుట్టి ఒక పలచని సంచీ ఉంటుంది. మామూలుగా ఆ సంచీ చంకవైపు వదులుగా, మడతలు పడి ఉంటుంది, అందుకే చెయ్యి పైకి లేస్తుంది. నూలు చొక్కా మొదటి ఉతుక్కే కుంచించుకుపోతే చంకలో పట్టేసి చెయ్యి ఎత్తనివ్వదు చూడండి, అదే. సంచీ వాచి, మందమై, బిగుసుకుపోతుంది. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు పెట్టింది బోస్టన్ సర్జన్ కాడ్‌మన్, 1934లో. జపాన్ వాళ్ళు మాత్రం దీన్ని 'యాభై ఏళ్ళ భుజం' అంటారట, నాకు ఆ పేరే నచ్చింది. నలభై, అరవై ఏళ్ళ మధ్య వస్తుంది, ఆడవాళ్ళకు ఎక్కువ, థైరాయిడ్ ఉన్నవాళ్ళకు ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళకైతే మరీ ఎక్కువ. మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తే, షుగర్ వాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుందని లెక్క.

ఆ డాక్టరు ఎమ్మారై రాయలేదు, మూడు నెలల షుగర్ పరీక్ష రాశారు. 8.9 వచ్చింది. నాకు షుగర్ ఉందని నాకు తెలియదు! భుజం నొప్పికి పోయి షుగర్ మాత్రలతో ఇంటికొచ్చాను, మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, టీలో మూడు చెంచాలు వద్దని ఎన్నేళ్ళుగానో చెప్తోంది మరి.

వైద్యం చెప్తాను. మొదటి నెలల్లో నొప్పి పీక్కుతినే దశలో కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. స్టెరాయిడ్ అనగానే నాకూ టెన్షన్ వచ్చింది గానీ, నాలుగో రోజు నుంచి రాత్రి నిద్ర పట్టింది, అదొక్కటి చాలు దండం పెట్టడానికి. కాకపోతే షుగర్ ఉన్నవాళ్ళకు కొన్నాళ్ళు షుగర్ ఎగబాకుతుంది, నాకు పరగడుపున 240 దాకా వెళ్ళి వారంలో దిగింది, ముందే అడిగి రోజూ చూసుకోండి. నొప్పి మాత్రలు మాత్రం షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగకండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి, బీపీ, షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్త. పేరులేని పొడి పొట్లాల జోలికి అసలు పోవద్దు.

మిగతాదంతా ఫిజియో. వేడినీళ్ళ కాపడం పది నిమిషాలు (అమ్మ వావిలాకు కూడా పెట్టింది, వేడి వేడే కదా). తరువాత ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని బావిలో చేదలా వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు తిప్పడం. తరువాత గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో సాలీడులా పైకి పాకించడం. మూడోది వీపు వెనక తువ్వాలు, పై చెయ్యి లాగితే కింది చెయ్యి మెల్లగా పైకి పోతుంది. ఇది దేవుణ్ణి తలుచుకుని చేసేది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. ఎంత నొప్పిదాకా అనడిగితే మా ఫిజియో అమ్మాయి మంచి కొలత చెప్పింది: ఆపాక అరగంటలో సర్దుకునే నొప్పి మంచిదే అంకుల్, రాత్రి నిద్ర లేపితే మాత్రం ఎక్కువ చేశారన్నమాట. నాకు తెలిసినాయన ఒకరు నెలలో కదలిక తెప్పిస్తానన్నవాడి దగ్గరికి పోయి చెయ్యి మెలి తిప్పించుకుని మొదటికి తెచ్చుకున్నాడు. ఇది నెలల పని, మామూలుగా ఏడాది నుంచి మూడేళ్ళు, కొందరికి కొంచెం బిగుతు మిగిలిపోతుంది కూడా. ఎన్ని నెలలైనా కదలకపోతే మత్తు ఇచ్చి కదపడం, కీహోల్ ఆపరేషన్ లాంటివి ఉన్నాయి, నా దాకా రాలేదు.

అన్ని కీళ్ళ నొప్పులూ ఒకటే అనుకోకండి. మా అమ్మది నిజంగానే మోకాళ్ళ అరుగుదల. ఆమెకు పని చేసింది తొడ కండరం గట్టిపడే ఎక్సర్‌సైజు: మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఐదు సెకన్లు కిందికి నొక్కి వదలడం. దాంతోపాటు బరువు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఇక పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ళూ వాచి, గంట దాటినా పిడికిలి పడకపోతే అది కీళ్ళవాతం కావచ్చు, రక్త పరీక్షలు కావాలి, ఆలస్యమయ్యే కొద్దీ కీళ్ళు పాడవుతాయి.

కాపడాలతో కాలయాపన చేయకూడనివి కూడా ఉన్నాయి. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే గుండె అనుకోవాలి, వెంటనే 108. జ్వరంతో కీలు ఎర్రగా వేడిగా వాచినా, కిందపడ్డాక చెయ్యి అసలు లేవకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి.

నా సంగతికొస్తే, పద్నాలుగు నెలలయింది. చొక్కా వేసుకునేటప్పుడు ఇప్పటికీ కుడి చెయ్యే ముందు దూరుస్తాను, విప్పేటప్పుడు ఆఖరున. పర్సు ముందు జేబులోకి మారింది. గోడ మీద పాకించేటప్పుడు వేళ్ళు ఆగినచోట ప్రతి ఆదివారం పెన్సిలుతో గీత గీసేవాణ్ణి, మొదటి గీత నా గడ్డం ఎత్తులో ఉంది, పోయిన వారంది నెత్తి మీద మూరెడు పైన. మొన్న రంగులు వేయడానికి వచ్చినతను అవి చూసి, "పిల్లల ఎత్తా సార్, ఉంచమంటారా" అనడిగాడు. నావే అన్నాను. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, ఏమీ అనకుండా పక్క గోడ మొదలుపెట్టాడు.