మిద్దె మీద చలికాలపు కూరగాయలు: ఏ రకం, ఎప్పుడు (ఆగస్టు–డిసెంబర్ చిట్టా)

చోటు: హైదరాబాద్, రెండో అంతస్తు మిద్దె. 15 అంగుళాల కుండీలు 18, అడుగు లోతు తొట్లు 4, ప్రోట్రేలు (నారు పెంచే గుంతల ట్రేలు) 2. ఎండ రోజుకు ఆరు గంటలు.

విత్తనాల ప్యాకెట్ల మీద అచ్చేసే నెలలు చాలావరకు ఉత్తరాది చలిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రి 14, 15 డిగ్రీలకు దిగినా పగలు 28 దాకా పోతుంది. సగటున 21. రకం ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఈ అంకెనే, ప్యాకెట్ మీది నెలను కాదు.

ఆగస్టు 22. మట్టి, టమాటా నారు

ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరి పొట్టు ఒక పాలు. కుండీకి 100 గ్రాముల వేపపిండి. కలిపి తడిపి పది రోజులు వదిలేయాలి. వేపపిండి కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడిలో నాటితే లేత వేళ్లు మాడిపోతాయి.

టమాటాలో అర్కా రక్షక్. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునే రకం. హైబ్రిడ్ కాబట్టి పండులోంచి గింజ తీసి దాచుకుని లాభం లేదు. తట్టుకుంటుంది కదా అని నారు మీద దోమతెర మానొద్దు, ముడతను మోసుకొచ్చే తెల్లదోమ రెండాకుల దశలోనే వాలుతుంది.

తీగ చిక్కుడు జులైలోనే పడింది. అది పగలు కురచయ్యాకే పూస్తుంది, ఇప్పుడు తొందరపడి ఎరువు వేస్తే తీగ తప్ప కాయ పెరగదు. జులై దాటిపోయినవాళ్లు పొద చిక్కుడు అర్కా జయ్ వేసుకోవచ్చు, దానికి పగటి నిడివితో పని లేదు.

సెప్టెంబర్ 1. క్యాలీఫ్లవర్ నారు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పువ్వు కట్టడానికి ఒక్కో రకానికి ఒక్కో చలి కావాలి. పూసా దీపాలి, పూసా మేఘన లాంటి తొలి రకాలు 20–27 డిగ్రీల మధ్య, పూసా శరద్ 16–20 మధ్య, స్నోబాల్ రకాలు 10–16 మధ్య పువ్వేస్తాయి. పూసా స్నోబాల్ కె-1 ప్యాకెట్ మీది బొమ్మ ఎంత ఊరించినా దానికి కావాల్సిన చలి ఈ మిద్దె మీదికి రాదు. ఆకు మీద ఆకు వేసుకుంటూ సంక్రాంతి దాటించేస్తుంది.

అందుకని దీపాలి 8 మొక్కలు, శరద్ 4. శరద్ కొంత జూదమే. దాని నారు మాత్రం సెప్టెంబర్ 18న, పువ్వు డిసెంబర్ చివరి చలికి అందేలా.

98 గుంతల ట్రే, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లు, గింజ అర సెంటీమీటరు లోతు. నాలుగో రోజుకు మొలక. తొమ్మిదో రోజున ఓ మూల ఐదు మొలకలకు నారుకుళ్లు. కాండం మట్టిని తాకే చోట నీటిమచ్చ పడి, దారం బిగించినట్టు నొక్కుకుపోయి, ఆకు పచ్చగా ఉండగానే పక్కకు ఒరిగాయి. ముసురు రోజుల్లో సాయంత్రం నీళ్లు పోస్తే వచ్చే తిప్పలిది, రాత్రంతా తడి ఆరదు. ఒరిగినవాటిని గుంతలోని మట్టితో సహా తీసేసి, మిగతా ట్రేకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోశాక ఆగింది. అప్పట్నుంచి నీళ్లు పొద్దున్నే, పై పొర ఆరితేనే.

సెప్టెంబర్ 14న చిన్న కుండీల్లో ఆవాలు. ఆకులు తినే డైమండ్ బ్యాక్ పురుగు క్యాలీఫ్లవర్ కంటే ఆవ ఆకు మీదే ముందు గుడ్లు పెడుతుంది, అందుకే రెండు వారాలు ముందుగా.

సెప్టెంబర్ 28. నాట్లు

హస్త కార్తె మొదలు. 27 రోజుల నారు, నాలుగైదు ఆకులు, కుండీకి ఒకటే. నారు ముదరనివ్వకూడదు. నలభై రోజులు దాటితే వేళ్లు గుంతలో చుట్టలు చుట్టుకుంటాయి, నాటాక మొక్క సాగదు, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్ద పువ్వేసి ఆగిపోతుంది. నత్రజని చాలకపోయినా ఇదే రోగం, తిట్లు మాత్రం విత్తనానికి. నాటిన 15, 35 రోజులకు పల్లిచెక్క నీళ్లు: 100 గ్రాములు లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, పదింతలు పలచన చేసి, కుండీకి అర లీటరు. వాసన భరించాలి.

అక్టోబర్ 8. వాన

5న చల్లిన క్యారెట్ మొదటి విడత పోయింది. గింజ సగం కొట్టుకుపోయింది, మిగిలింది గట్టిపడిన పై పెచ్చు కింద చిక్కుకుంది. నైరుతి వెనుదిరగకముందే క్యారెట్ వేస్తే ఇంతే.

అక్టోబర్ 20. దుంపలు

క్యారెట్ మళ్లీ. నాంటెస్‌కు రంగు ఎక్కాలంటే 15–20 డిగ్రీలుండాలి, ఇక్కడ పాలిపోయి వస్తుంది. వేడిని కాస్త ఓర్చుకునే కురోడా వేయడం మేలు. గింజను నాలుగింతల ఇసుకతో కలిపి సెంటీమీటరు లోతు గీతల్లో పోసి, పైన తడి గోనెపట్టా. ఎనిమిదో రోజున తొలి మొలక కనిపించగానే పట్టా తీసేయాలి, ఒక్క రోజు ఆగినా మొలక పాలిపోయి దారంలా సాగుతుంది. వేలెడు పెరిగాక 5 సెంటీమీటర్లకు ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కదిలి దుంప చీలుతుంది. పచ్చి పేడ తగిలినా, రాయి అడ్డొచ్చినా చీలుతుంది కాబట్టి ఈ తొట్టి మట్టిని మాత్రం జల్లెడ పట్టాలి.

బీట్‌రూట్ డెట్రాయిట్ డార్క్ రెడ్. ఒక్కో గింజా నిజానికి గింజల గుత్తి. రాత్రంతా నానబెట్టి వేస్తే ఒక్కచోటే రెండు మూడు మొలుస్తాయి, ఒకటే ఉంచాలి.

నవంబర్ 2. బఠాణీ, ఆకుకూరలు

అర్కెల్ బఠాణీ. పూత సమయంలో 30 డిగ్రీలు దాటితే రాలిపోతుంది, అందుకే ఇంతకుముందు వేయలేదు. ధనియాల్లో గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రంలో రూపొందిన సాధన రకం. చెప్పుతో మెల్లగా రుద్ది రెండుగా చీల్చి, 12 గంటలు నానబెట్టి, పదిహేను రోజులకో తొట్టి చొప్పున. పాలకూర, మెంతికి చెప్పేదేం లేదు, చల్లితే వస్తాయి.

నవంబర్ 26. దీపాలి పువ్వు

ఆరు మొక్కల్లో కోడిగుడ్డంత పువ్వు. ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది కాబట్టి పై ఆకులు నాలుగు దగ్గరికి లాగి అరటినారతో వదులుగా కట్టాలి. మూడు రోజులకోసారి విప్పి చూడాలి, లోపల పురుగు చేరినా బయటికి తెలియదు. ఒక మొక్క పువ్వు మీద గోధుమరంగు మచ్చలు, కాడ కోస్తే లోపల డొల్ల. బోరాన్ లోపం. మిగతావాటికి లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ పిచికారీ చేశాను, ముందు గోరువెచ్చని నీళ్లలో కరిగించి. మచ్చ పడినది ఇక బాగవదు.

డిసెంబర్ 28. శరద్

దీపాలి ఏడు కోత అయింది, ఒక్కోటి సుమారు 400 గ్రాములు. శరద్ నాలుగింటిలో రెండు గట్టిగా, తెల్లగా. నీళ్ల ట్యాంకు గోడకు ఆనించిన రెండు మాత్రం పువ్వు మీద నూగు లేచి, ఉడికిన అన్నం మెతుకుల్లా విడివిడిగా పొంగాయి. పగలంతా ఎండ పీల్చిన గోడ రాత్రి ఆ వేడిని కక్కుతుంది, పక్కనున్న కుండీకి చలి అందదు. కూరకు పనికొస్తాయి, వెంటనే కోసేయాలి. వచ్చే ఏడు శరద్ కుండీలు గోడకు నాలుగడుగుల దూరంలో, గాలాడే చోట.