ఈవెంట్ కొనేముందు పుస్తకం వెనక్కి తిప్పి చూడండి

సూపర్‌హీరో కామిక్స్‌లో ఈవెంట్, అంటే చాలా సిరీస్‌ల హీరోలను కలిపి నడిపే పెద్ద కథ, మొదలైందంటే మనం నెలనెలా చదివే సిరీస్‌కు గండి పడ్డట్టే. కథ మంచి పట్టులో ఉండగా ముఖచిత్రం మీద ఈవెంట్ పట్టీ ప్రత్యక్షమవుతుంది, ఇక రెండు మూడు ఇష్యూలు వేరే గొడవ. హీరోలంతా ఒకచోట చేరితే ఎవరికీ పేచీ లేదు. ఒక కథకని డబ్బు పెట్టి ఇంకో కథ చదవాల్సి రావడమే ఒళ్లు మండిస్తుంది.

తిరుపతి నుంచి చదివేవాళ్లకు ఇంకో తిప్పలుంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు గాలిస్తే మూడో ఇష్యూ, ఆరో ఇష్యూ దొరకొచ్చు గానీ వరస దొరకదు. అందుకే విడి ఇష్యూల జోలికి పోకుండా, వాటిని కలిపి ఒకే పుస్తకంగా వేసిన సంకలనమే కొనాలి. అదీ చూసుకుని.

ఈవెంట్‌లలో రెండు రకాలున్నాయి. 2007-08లో వచ్చిన ఎక్స్-మెన్ 'మెసయ్య కాంప్లెక్స్' మొదటి రకం. 13 అధ్యాయాలు: ముందు ఒక విడి సంచిక, తర్వాత నాలుగు సిరీస్‌లలో మూడేసి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో లాగా ఒక్క కంపార్ట్‌మెంట్ కూడా దాటేసి ముందుకు పోలేరు. ఒకే సిరీస్ సంకలనం కొంటే కథ ముక్కలవుతుంది.

రెండో రకంలో ఒక ప్రధాన సిరీస్, చుట్టూ టై-ఇన్‌లు, అంటే ఆ కథకు ముడిపెట్టి వేరే సిరీస్‌లలో వేసే ఇష్యూలు. టై-ఇన్‌లు వదిలేసినా పరవాలేదంటారు గానీ అన్నిచోట్లా కాదు. డీసీ 'ఫైనల్ క్రైసిస్' (2008-09) ప్రధాన సిరీస్ 7 ఇష్యూలు. చివరి ఇష్యూలో మాండ్రాక్ అనే విలన్ ఊడిపడతాడు. వీడెవడని ముందు పేజీలు ఎంత తిరగేసినా లాభం లేదు, ఎందుకంటే అతని కథ 'సూపర్‌మ్యాన్ బియాండ్' అనే 2 ఇష్యూల టై-ఇన్‌లో ఉంది. వెనక అట్ట మీదో కాపీరైట్ పేజీలోనో ఆ సంకలనంలో చేరిన ఇష్యూల జాబితా ఉంటుంది. 'సూపర్‌మ్యాన్ బియాండ్' ఇష్యూలు రెండూ అందులో ఉంటేనే తీసుకోండి.

ఏ టై-ఇన్ అవసరమో తేల్చుకోవడానికి ఒక పద్ధతుంది: ప్రధాన సిరీస్ రచయితే రాశాడా? రాస్తే చదవండి. వేరేవాళ్లు రాసింది ఎక్కువసార్లు అమ్మకాల కోసమే. నూటికి నూరుపాళ్లు నిలిచే సూత్రం కాదు, డబ్బు మాత్రం మిగులుతుంది.

ఆలస్యాలది ఇంకో పాట. 2006లో మార్వెల్ 'సివిల్ వార్' నాలుగో ఇష్యూ వెనకబడితే, కథ ముందే బయటపడుతుందని టై-ఇన్‌లనూ ఆపారు. అంతకన్నా ఘోరం మార్వెల్‌దే 2015 'సీక్రెట్ వార్స్'. 8 ఇష్యూలనుకున్నది 9 అయింది. చివరిది 2016 జనవరిలో వచ్చింది. ఈవెంట్ తర్వాతి ప్రపంచాన్ని చూపే కొత్త సిరీస్‌లు మాత్రం 2015 అక్టోబర్‌లోనే మొదలైపోయాయి! ఎవరు బతికి బయటపడ్డారో ముగింపుకంటే ముందే తెలిసిపోయింది. ఇప్పుడు చదివేవాళ్లు 'సీక్రెట్ వార్స్' రచయిత జోనథన్ హిక్‌మన్ అంతకుముందు రాసిన 'అవెంజర్స్' 44 ఇష్యూలు, 'న్యూ అవెంజర్స్' 33 ఇష్యూలు కలిపి వరసగా చదివి, తర్వాత ఆ 9 చదవాలి. అక్టోబర్ సిరీస్‌లు అప్పటిదాకా తెరవొద్దు.