పిస్తహాన్‌లో ఆ పెద్దావిడ పట్టిన వెదురు గడలు

శాన్ ఫ్రాన్సిస్కోలో ఏటా ఆగస్టులో ఫిలిప్పీనో వాళ్ళ పిస్తహాన్ పండగ జరుగుతుంది. 1994 నుంచీ ఉంది. మార్కెట్ స్ట్రీట్ మీద ఊరేగింపు, ఆ తర్వాత యెర్బా బ్వేనా గార్డెన్స్‌లో శని, ఆదివారాలు రెండు రోజులూ పాటలు, డాన్సులు, తిండి. టికెట్ లేదు. లుంపియా, పన్సిత్ లాంటి వాళ్ళ వంటకాల కోసం వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు కానీ నేను వెళ్ళేది మాత్రం డాన్సుల కోసమే.

స్టేజీ మీద సింగ్‌కిల్ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఫిలిప్పీన్స్‌లోని మిండనావ్ ద్వీపంలో ఉండే మరనావో జనం డాన్స్ అది. అడవిలో దేవతలు భూకంపం పుట్టిస్తే, కూలుతున్న చెట్ల మధ్య నుంచి గందింగన్ రాకుమారి కంగారు లేకుండా నడిచి వచ్చే కథ. కొట్టుకుంటున్న వెదురు గడల మధ్య ఆ అమ్మాయి రెండు చేతుల్లో విసనకర్రలు తిప్పుతూ, కిందకి చూడకుండా నడుస్తుంది. మన రావణుడి కథ కూడా మహారాదియా లావానా పేరుతో ఈ మరనావో వాళ్ళ దగ్గర ఉందని తెలిశాక నాకు ఆ డాన్స్ ఇంకా దగ్గరైంది.

అయినా నాకు అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం స్టేజీ మీదది కాదు. పచ్చికలో ఒక మూల పిల్లలకి టినిక్లింగ్ నేర్పిస్తున్నారు. ఇది లేటే ద్వీపం నుంచి వచ్చింది, వరిచేలలో పెట్టిన వెదురు ఉచ్చులకి చిక్కకుండా గెంతే టిక్లింగ్ పిట్ట నడకే ఈ డాన్స్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని రెండు పొడుగాటి గడలు పట్టుకుని, కింద ఉన్న చెక్క మీద రెండు దెబ్బలు కొట్టి, మూడోసారి గడల్ని దగ్గరికి లాగి ఒకదానికొకటి కొడతారు. ఆ మూడో దెబ్బకి పాదం మధ్యలో ఉండకూడదు, అంతే లెక్క.

గడలు పట్టుకున్న కుర్రాళ్ళు హుషారులో వేగం పెంచేస్తుంటే చిన్నపిల్లలు టెన్షన్ పడి వెనక్కి తగ్గుతున్నారు. పక్కన మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, డెబ్బై దాటి ఉంటాయి. లేచి వచ్చి, ఒక కుర్రాడి భుజం తట్టి పక్కకి జరిపి, తనే కూర్చుని గడలు అందుకుంది. రెండు గడలూ కలిసే వైపు వేళ్ళు రాకుండా, బయటి వైపు నుంచి వదులుగా పట్టుకుంది. గడల వంక చూడనే లేదు. ఎదురుగా నిలబడిన పాప పాదాలే చూస్తోంది, నోటితో ఇసా, దలవా, తత్లో అని లెక్కపెడుతోంది. పాప కాలు తీయడం ఆలస్యమైతే ఆ మూడో దెబ్బ కూడా ఒక్క క్షణం ఆగేది! కోలాటంలో కొత్తగా చేరినవాళ్ళ కోసం మా గురువుగారు తాళం అలాగే నిదానించేవారు.

ఇది జరుగుతున్న చోటు గురించి కూడా చెప్పాలి. పాత ఇళ్ళు, చవక హోటళ్ళు పడగొట్టి, అందులో ఉన్న పేదవాళ్ళని పంపేసి కట్టిన ప్రాంతం ఇది, వాళ్ళలో ముసలి ఫిలిప్పీనో కార్మికులూ ఉన్నారు. కాస్త దూరంలో కియర్నీ స్ట్రీట్‌లోని ఇంటర్నేషనల్ హోటల్ నుంచి అలాంటి ముసలివాళ్ళనే 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున పోలీసులు బయటికి ఈడ్చారు. ఇప్పుడు ఈ పేటకి సోమా పిలిపినాస్ అనే పేరుతో ఫిలిప్పీనో సాంస్కృతిక ప్రాంతంగా గుర్తింపు ఉంది, 2016లో వచ్చింది. అదే నేల మీద ఒక అమ్మమ్మ కూర్చుని అమెరికాలో పుట్టిన పిల్లలకి అడుగులు నేర్పుతుంటే నాకు గొంతు పట్టేసింది, ఎవరు పంపేసినా ఈ ఊరు వాళ్ళది కూడా అనిపించింది.

చివరికి వేగం పెంచమని ఆ పాపే అడిగింది. ఆవిడ పెంచింది, పాప ఒక్కసారి కూడా తడబడలేదు. తర్వాత లైను ఎంత పెరిగిందంటే అమ్మానాన్నలు కూడా బూట్లు విప్పి నిలబడ్డారు, వాళ్ళ వెనక నేనూ నిలబడ్డాను. బే ఏరియాలో ఉన్నవాళ్ళు ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, పవెల్ స్ట్రీట్ బార్ట్ రైలు స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు.