మెలితే తీరాన నాలుగు లంగర్లు

బైబిల్లో మెలితే అనే పేరున్న మాల్టా దీవిలో అపొస్తలుడైన పౌలు ఓడ పగిలిన పండుగ ఫిబ్రవరి 10న. దానికి ముందే చేరుకుని, సెయింట్ పాల్స్ బే ఎదుట ఉన్న చిన్న రాతి దీవికి పడవలో వెళ్దామనుకున్నాం. పడవవాడు రానన్నాడు. ఈశాన్యపు గాలి లేచింది. అక్కడివాళ్ళు దాన్ని గ్రిగాల్ అంటారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 27లో క్రేతు దీవి దగ్గర పౌలు ఓడను పట్టుకున్న ఊరకులోను అనే పెనుగాలి కూడా ఈశాన్యం నుంచి వీచిందే.

దీవి మీది పౌలు విగ్రహం ఒడ్డు నుంచే కనిపిస్తోంది. అక్కడే రాళ్ళ మీద కూర్చుని అధ్యాయమంతా చదివాను. మా మావయ్యగారు ఉప్పాడలో ఏళ్ళ తరబడి వేటకెళ్ళిన మనిషి. ప్రసంగాల్లో ఈ కథ వచ్చినప్పుడల్లా బోధకులు, గట్టెక్కాక పౌలు చేతికి చుట్టుకున్న పాము దగ్గరకి పరిగెత్తిపోతారు గానీ, ఆయన చెవి సముద్రం మీదే ఉంది. పద్నాలుగో రాత్రి లోతు చూడ్డానికి బుడుదు వేస్తే ఇరవై బారలు, కాస్త ముందుకెళ్ళాక పదిహేను.

“నేల దగ్గరపడిందన్నమాట,” అన్నారు.

అమరం నుంచి నాలుగు లంగర్లు వేశారని చదివేసరికి నన్ను ఆపారు. “ముక్కు నుంచి వేస్తే ఓడ గాలికి తిరిగిపోద్ది అల్లుడుగారూ. వెనకనుంచి వేస్తే ముక్కు ఒడ్డుకేసే ఉంటాది. తెల్లారాక తాళ్ళు కోసేసి తిన్నగా మెట్టకి కొట్టెయ్యొచ్చు.”

తర్వాతి వచనాల్లో సరిగ్గా అదే చేశారు. లంగర్లు సముద్రంలో వదిలేసి, ముందు తెరచాప ఎత్తి, ఒడ్డుకి నడిపారు.

నన్ను పట్టుకున్న మాట వేరు. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత అప్పటికే పౌలుకు చెప్పాడు. అయినా ఓడవాళ్ళు చిన్న పడవ దించుకుని జారుకోబోతే, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని ఓడలో ఉన్న రోమా సైన్యాధికారి శతాధిపతితో అన్నది ఆ పౌలే. వాగ్దానం చేతిలో ఉన్నా, తాడు పట్టడం తెలిసినవాడు ఉండాలి. ఓడలో ఉన్నది 276 మంది. ఈత రానివాళ్ళు పలకలూ చెక్కలూ పట్టుకుని గట్టెక్కారు.

ఇది జరిగింది క్రొయేషియాలోని మ్లియెట్ దీవిలో అనేవాళ్ళూ ఉన్నారు. ఆ గాలిలో కూర్చున్నాక నాకు మాల్టాయే అనిపించింది.

మర్నాడు వాలెట్టాలో ఓడ పగిలిన పౌలు పేరిట ఉన్న గుడికి వెళ్ళాం. పౌలు మణికట్టు ఎముకని చెప్పేది అక్కడ భద్రంగా ఉంచారు. పండుగనాడు ఆయన కొయ్య విగ్రహాన్ని భుజాలమీద ఊరేగిస్తుంటే మేడలమీంచి కాగితం ముక్కలు వానలా కురిశాయి. మావయ్యగారి మనసు మాత్రం ఇంకా ఓడలోనే ఉంది. క్రేతులోని మంచిరేవులు అనేచోట ఆగమన్న పౌలు మాట కాదని ఓడ యజమాని బయల్దేరదామన్నాడు, శతాధిపతి అతని మాటే విన్నాడు. చివరికి గోధుమలు నీటిపాలయ్యాయి, ఓడ ముక్కలైంది.

“మరి ఆ యజమాని ఏమయ్యాడో రాయలేదేంటండీ?” అన్నారు, ఆ జనం మధ్యలో.