రేసుకుక్క (అడవికుక్క) పిల్లకు పేరు పెట్టనీకె మూడు రోజులు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకు 'పేరు ఓకే' అని మెసేజ్ వచ్చింది. మంట చల్లారకముందే రాస్తున్న. రేపటికైతే నాకు ఆ పేరును ఆపిన మోడరేటర్ (ఆట గుంపును చూసుకునేటోడు) అన్న మీద జాలి గూడ కలుగుతదేమో.

మాది అచ్చంపేట దగ్గర ఒక ఊరు. పాలమూరుల బీఈడీ చదువుతున్న. రూమ్మేట్ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌ల జంతువుల రోల్‌ప్లే ఆడుతుంటే చూసి నేను గూడ చేరిన. ఆటంటే బొమ్మలుండయి, స్కోరుండదు. ఒక్కొక్కరు ఒక్కో జంతువైతరు. అది నీళ్లకు పోయిందా, కొట్లాడిందా, పిల్లను పోగొట్టుకున్నదా, అన్నీ రాసుడే. అడవి నల్లమల. కాకపోతే మనుషులు లేని నల్లమల. మన్ననూరు గేటు లేదు, శ్రీశైలం రోడ్డు లేదు, ఫర్హాబాద్ వ్యూపాయింట్ కాడ జీపులు లేవు.

చేరుడు పది నిమిషాల పని. ఫారంల జాతి, వయసు, గుంపు, రూపు, గుణం, పేరు నింపాలె. మొదటి ఐదు ఒక్క కూర్చుండుల అయిపోయినయి.

జాతి కాడ ఒక మాట. అందరికీ పులే కావాలె. నేను గూడ అడిగిన, ఖాళీ లేదన్నరు. ఇప్పుడనిపిస్తది, బతికిపోయిన అని. పులి ఒంటిగ తిరుగుతది. ఒక మగపులి హద్దుల ఇంకో మగపులిని రానియ్యదు. పులి తీసుకున్నోళ్లు వారానికి రెండు పేరాలు తమలో తాము రాసుకుంట కూర్చున్నరు, పాపం. నేను రేసుకుక్క తీసుకున్న. గుంపు జంతువు, పగటిపూట వేట, ఎప్పుడూ పక్కన పది మంది ఉంటరు. మా నాయిన ఒకసారి ఆ అడవిల బస్సులకెళ్లి చూసిండంట, ఎర్రగ, నల్ల కుచ్చుతోకతోని. ఆ ముచ్చట ఇప్పటికి గూడ చెప్తడు.

ఇగ పేరు. మొదట నేను రాసింది 'ప్రళయరుద్ర'. నవ్వుకోండి. మోడరేటర్లు వెంటనే తిప్పి పంపిన్రు: "రెండు నెలల పిల్ల. ప్రళయం ఎవరు చూసిన్రు? రుద్రుడు ఎవరు?" న్యాయమే. ఈ అడవిల మనుషులు లేరంటే మనుషుల దేవుండ్లు గూడ లేరు, ఇనుము లేదు, బంగారం లేదు, రాజులు లేరు. ఒకాయన కుందేలుకు 'బుల్లెట్' అని పెట్టిండు. ఇంకొకామె ఎలుగుబంటికి 'చాక్లెట్'. వాళ్లవి గూడ పోయినయి. అప్పటిదాక నాకు ఈ మోడరేటర్ల మీద గౌరవమే ఉండె.

ఆ రాత్రి నిజంగనే సోంచాయించిన. మా ఊర్ల కుక్కలన్నిటికీ టైగర్ అనే పేరు, ఒక్కటి గూడ పులి మొఖం చూడలే. అదే మా నాయిన ఎడ్లకు, ఆవులకు పెట్టిన పేర్లు చూడండి: కర్రి, మైల, బొల్లి. కంటికి ఏం కనబడితే అదే పేరు. చిన్నప్పుడు చదివిన మిత్రలాభంల గూడ అంతే గద. పావురం మెడ రంగురంగులది, చిత్రగ్రీవుడు. తాబేలు మెల్లగ నడుస్తది, మంథరుడు. కాకి తేలికగ ఎగురుతది, లఘుపతనకుడు. ఎలుక హిరణ్యకుడు మాత్రం మా మోడరేటర్ల చేతిల పడితే గట్టెక్కకపోవు, హిరణ్యమంటే బంగారమాయె.

ఇంకో సంగతి ఎవ్వరు చెప్పరు, నేను చెప్తున్న. పేరు రాసి, దానికి 'కు', 'ను', 'తోని' తగిలించి చూసుకోండి. ప్రళయరుద్రునికి, ప్రళయరుద్రునితోని అని రోజుకు నలభైసార్లు టైప్ చేస్తరా? పేరు చివర 'డు' పెట్టిన్రా, జంతువు 'వచ్చింది' కాస్త 'వచ్చిండు' అయితది, కథల మనిషి దూరినట్లుంటది. కొందరికి అదే ఇష్టం. నాకు కాదు.

గిట్ల ఆలోచించుకుంట రేసుకుక్క పిల్లల గురించి చదివితే, అవి పుట్టంగనే ఎర్రగ ఉండవంట. మసి రంగుల, నల్లగ బూడిదగ ఉంటయి. పెరిగినంక ఎరుపెక్కుతది. చదవంగనే పేరు దానంతట అదే వచ్చింది: మొగులు. తల్లి పిల్లను చూసింది, వానమబ్బు తీరుగ ఉంది, పేరు పెట్టింది. ఇంతకంటే ఏం కావాలె? నాకు నేనే శెభాష్ అనుకోని పడుకున్న.

తెల్లారి సాయంత్రం వాయిస్ రూంల కొత్త ఫారంలు చదువుతరు. పద్నాలుగు మంది ఉన్నరు. నా ఫారం ఒక మోడరేటర్ అన్న చేతికి పోయింది. ఏ ఊరో రాయను గని, మా దిక్కు కాదు. గొంతు మంచిది, వార్తలు చదివినట్ల చదువుతడు. "పేరు... మొఘలు?" అని ఆగిండు. "మొఘలులా? చెల్లీ, ఇది అడవి, ఎర్రకోట కాదు." అంతే, పద్నాలుగు మంది ఒక్కసారి నవ్విన్రు. ఒకడు 'జహాపనా' అన్నడు. ఇంకొకడు చాట్‌ల బిర్యానీ బొమ్మ పెట్టిండు. నేను మైక్ ఆన్ చేసి "మొగులు అన్నా, మొగులు" అన్న. అది ఇంక నవ్వొచ్చింది వాళ్లకు. నా గొంతు వణికింది, మైక్ బంద్ చేసిన. పక్క మంచం మీద రూమ్మేట్ గూడ దిండుల మొఖం పెట్టుకోని నవ్వుతుంది. ఆమెది వనపర్తి! ఆమెకు మొగులంటే ఏందో తెల్వదా?

రాత్రి మెసేజ్ పెట్టిన: "అన్నా, మొగులంటే మబ్బు. మా దిక్కు 'మొగులైంది, బట్టలు తియ్యి' అంటరు." జవాబు వచ్చింది: "అలాగైతే సరైన తెలుగులో మేఘం అని రాయొచ్చు కదమ్మా. మేఘశ్రీ బాగుంటుంది." కడుపుల మంట లేచింది. మేఘం సంస్కృతం, మొగులు తెలుగు. పాత నిఘంటువులు తీస్తే మొగులు, మొయిలు రెండూ ఉంటయి, అర్థం మబ్బు. ఫొటో తీసి పంపిన. రెండో రోజు ఇంకో కొర్రీ: "రేసుకుక్క ఎర్రగా ఉంటుంది, మబ్బు పేరేమిటి?" పిల్లల రంగు చెప్పిన. మూడో రోజు: "అవి ఎక్కువగా చలికాలంలో పుడతాయి, అప్పుడు మబ్బెక్కడిది?" రంగు చూసి పెట్టిన పేరు అన్నా, రుతువు చూసి కాదు! ఆయన ఆడే చిరుత పేరు 'వజ్ర'. వజ్రం తవ్వి తీసేది మనుషులే గద అంటే, వజ్రమంటే పిడుగు గూడ అన్నడు. ఆయన మాటకు రెండు అర్థాలుండొచ్చు, నా మాటకు ఒక్కటి గూడ ఉండొద్దు.

ఈ మూడు రోజులు గుంపుల నా పేరు జహాపనా. గుడ్ మార్నింగ్ జహాపనా, తిన్నరా జహాపనా.

తెగ్గొట్టింది ఒక అక్క. దేవరకొండ దిక్కామె, అలుగును (ఒంటినిండ పొలుసులుండే జంతువు) ఆడుతది. వారానికోసారి వస్తది, మూడు ముక్కలు మాట్లాడుతది. చాట్ అంత పైనుంచి చదివినట్లుంది, "మొగులంటే మొగులే గద, గిండ్ల సమజ్ కానిదేముంది?" అని రాసింది. దాని కింద ఒక్కొక్కరే బయటపడ్డరు. మాది మిర్యాలగూడ, మాది కల్వకుర్తి, మాది నారాయణపేట, మేం గూడ అట్లనే అంటం. ఇన్నొద్దులు వీళ్లంత ఏ పొదల దాక్కున్నరో. మొదటిరోజు గట్టిగ నవ్వినోళ్లల్ల ఇద్దరు వీళ్లే! నేను గూడ ఒప్పుకోవాలె, అప్పటిదాక చాట్‌ల 'వచ్చాను, చూశాను' అని రాసినదాన్నే.

అన్న సారీ చెప్పలే. 'పేరు ఓకే. ప్రొఫైల్‌లో అర్థం రాయండి' అని మాత్రం రాసిండు. రాసిన. మొగులు: మబ్బు. మొఘలు కాదు.

మీరు ఆడాలనుకుంటే, పేరును వాయిస్ రూంల చదవకముందే అర్థం పక్కన రాసి పెట్టుకోండి. మీ గుంపుల అసొంటి పేర్లు ఉన్నయేమో గూడ చూసుకోండి. మా దాంట్ల నీల, నీలి, నీలు అని మూడు దుప్పులున్నయి, ఏది చచ్చిందో ఎవ్వరికి తెల్వలే.

నిన్న రాత్రి ఓకే కాంగనే మొదటి సీన్‌ల దిగిన. ఒంటిగంటన్నర దాక ఆడినం, కణుజును తరిమినం. రేసుకుక్కలు మొరిగి పిలుచుకోవు, ఈలేసినట్ల కూస్తయి. మా గుంపు పెద్ద నన్ను పదిసార్లు పిలిచింది, పదిసార్లు ఈలనే. మొగులు అని ఒక్కరు గూడ అనలే.